ఎదురు కుట్టు

సినిమా పేరు చెప్పను. మీరు చూడాలనే నా కోరిక. కానీ అందులో పోయిన వస్తువు ఎలా దొరికిందో ఇక్కడ చెప్పేయబోతున్నాను. సస్పెన్స్ సినిమాకి అంతకన్నా ద్రోహం లేదు. కాబట్టి పేరు నా దగ్గరే ఉంచుకుంటాను. ఎప్పుడో ఫోనులో ఏదో వెతుకుతుంటే తగిలి, ఇదేదో మిరపకాయల బస్తాల మధ్య తీసినట్టుందే అనుకుని చూస్తారు. అప్పటికి నేను చెప్పిందంతా మర్చిపోయి ఉంటారు. అదే మంచిది.

పాటల్లేవు, ఫైట్లు లేవు, పేరున్న మొహం ఒక్కటీ లేదు. కథ నడిపే చెల్లెలి వేషం వేసిన పొదిలి అమ్మాయి అంతకు ముందు నాటకాలు తప్ప ఏమీ వెయ్యలేదు. సినిమా మొత్తం ఒకే ఒక్క కోల్డ్ స్టోరేజీలో నడుస్తుంది. గుంటూరులో వారం రోజులు పోస్టరు మీద ఉంది గానీ తెర మీద ఉన్నది మూడు నాలుగు రోజులే. ఇప్పుడు ఫోనుల్లోకి వచ్చాక జనం చూస్తున్నారు. "ఇంత మంచి సినిమా ఎవరికీ తెలియకుండా ఎలా పోయింది?" అని రాస్తున్నారు. చదివినప్పుడల్లా నాకు సంతోషమూ వేస్తుంది, కాస్త ఒళ్ళూ మండుతుంది. ఎవరికీ తెలియకపోవడం ఏమిటి? మా ఇంట్లో రెండేళ్ళ పాటు ప్రతి శుక్రవారం ఆ సినిమా మాటే.

మా నాన్న బస్తాలు కుట్టేవాడు. నల్లపాడు దాటాక రోడ్డు పక్కన వరసగా ఉండే కోల్డ్ స్టోరేజీల్లో ఒకదానిలో ముప్పై ఏళ్ళు అదే పని. మిర్చి బస్తాని మా వైపు టిక్కీ అంటారు. రైతు కుట్టి పంపిన టిక్కీ స్టోరేజీలో చేరాక, కొనేవాళ్ళు వచ్చి మూతి కోసి గుప్పెడు కాయ తీస్తారు. రంగు చూస్తారు, విరిచి వాసన చూస్తారు, నచ్చకపోతే పక్క టిక్కీకి పోతారు. కోసిన మూతిని మళ్ళీ ఎవరో ఒకరు కుట్టాలి కదా. ఆ ఎవరో ఒకరు మా నాన్న. చేతిలో దబ్బనం, పక్కన పురికొస ఉండ, కింద ఒక గోనెపట్టా. మూతి తెరిచి ఉన్న బస్తా కంటబడితే ఆయనకి ఊపిరాడదు. ఎవరిది, ఎందుకు తెరిచారు అని అడగడు. కూర్చుని కుట్టేస్తాడు.

ఇంట్లోనూ అంతే. వంటింటి మూల బియ్యం బస్తా ఉండేది. అమ్మ దాని మూతి విప్పి బియ్యం తీసుకోవడం, పడుకోబోయే ముందు నాన్న దాన్ని కుట్టేయడం. తెల్లారి మా ఇంట్లో మొదట వినపడేది అమ్మ ప్రార్థన అని చెప్పుకుంటే మర్యాదగా ఉంటుంది గానీ, నిజానికి మొదట వినపడేది అమ్మ కేక.

"మళ్ళీ కుట్టేశావేందయ్యా! బియ్యం ఎట్టా తియ్యాలి?"

"తెరిచిపెడితే ఎలకలు దూరతయ్యే."

"ఎలకలే నయం. అయ్యి నాలుగు గింజలు తిని పోతయ్యి. నువ్వు నా ప్రాణం తింటున్నావు."

తర్వాత కత్తిపీట మీద పురికొస పటుక్కున తెగిన చప్పుడు. నా డిగ్రీ, నా బీఎడ్, బడిలో నా ఉద్యోగం, అన్నీ ఆ తగువు వింటూనే గడిచాయి. పొద్దున్నే ఆ కేక వినపడితేనే నాకు తెల్లారినట్టు.

ఇంకొక్క సంగతి చెప్పాలి, లేకపోతే కథ నడవదు. నాన్నది పుర్రచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినడం మా నాయనమ్మ గరిటె కాడతో కొట్టి నేర్పింది గానీ, దబ్బనం మాత్రం ఎడమచేతిలోకే పోయింది. అందువల్ల అందరి కుట్లూ ఒక వైపుకి వాలితే ఆయన కుట్లు ఎదురు వైపుకి వాలతాయి. టిక్కీలు మోసే కూలీల జట్టుని ముఠా అంటారు. ఆ ముఠా వాళ్ళు ఆయన్ని 'ఎదురు కుట్టు' అని ఏడిపించేవాళ్ళు. "ఊడిందా? ఊడితే చెప్పండ్రా" అనేవాడు నాన్న. ఎప్పుడూ ఊడలేదు.

నాలుగేళ్ళ కిందట వానాకాలంలో ఆ స్టోరేజీకి సినిమావాళ్ళు వచ్చారు. దర్శకుడు మార్టూరు కుర్రాడు, వాళ్ళ నాన్న గ్రానైటు పాలిష్ చేసే మిల్లులో పనిచేస్తాడు. సెట్టు వేసే స్తోమతు లేదు. స్టోరేజీ అయితే మిట్టమధ్యాహ్నం కూడా లోపల చిమ్మచీకటే, గోడల్లాగా పేర్చిన టిక్కీలు, చలి, నోట్లోంచి వచ్చే ఆవిరి. భయపెట్టడానికి కావలసినవన్నీ దేవుడే సమకూర్చి పెట్టాడు. కథ కూడా చిన్నదే. స్టోరేజీలో పనిచేసే గుమాస్తా ఒకడు మాయమవుతాడు. అతని చెల్లెలు వెతుక్కుంటూ వస్తుంది. ఎవర్ని అడిగినా "ఊరెళ్ళాడు" అంటారు. అందరూ ఒకే అబద్ధం ఎందుకు చెబుతున్నారో ఆమెకి అర్థం కాదు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మా మిరపకాయ ఘాటు సంగతి పాపం వాళ్ళకి తెలియదు. ఊపిరి బిగబట్టాల్సిన చోట అందరూ తుమ్మారు. కత్తి పట్టుకుని నక్కి నక్కి వచ్చేవాడు తుమ్మేవాడు. టిక్కీల వెనక దాక్కున్న అమ్మాయి తుమ్మేది. కెమెరా పట్టుకున్నతను తుమ్మితే బొమ్మ మొత్తం ఎగిరిపడేది. నాన్నకి అందులో ఒక పని దొరికింది. వెనకాల మసక మసకగా కూర్చుని టిక్కీలు కుట్టుకుంటూ ఉండాలి, కెమెరా వైపు చూడకూడదు. రోజూ సాయంత్రం వచ్చి ఎవరెవరు ఎన్నిసార్లు తుమ్మారో నటించి చూపించేవాడు. అమ్మ బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచీ సినిమా హాలు గడప తొక్కని మనిషి. అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. సినిమా చూస్తే తప్పు గానీ సినిమా కబుర్లు వింటే తప్పని ఎక్కడా రాసిలేదట.

షూటింగు ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందనగా ఒకరోజు నాన్న ఇంటికొచ్చి ఏ కబుర్లూ చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు.

ఆ సినిమాకి ప్రాణం ఒక చేతి గడియారం. మాయమైన గుమాస్తాది. అది దొరికితే గుట్టు బయటపడుతుంది. దర్శకుడు వాళ్ళ నాన్న పాత గడియారాన్నే వాడుతున్నాడు. అలాంటిది ఇంకొకటి లేదు, అప్పటికే సినిమా నిండా అది కనిపించింది. ఆ మధ్యాహ్నం తియ్యబోయే సన్నివేశం కోసం దాన్ని ఒక టిక్కీలో కాయల మధ్య పెట్టి, మూతి తెరిచి ఉంచి, అందరూ అన్నాలకి వెళ్ళారు. నాన్న అన్నం తిని అందరికన్నా ముందు తిరిగి వచ్చాడు. ఎదురుగా మూతి తెరిచిన టిక్కీ. ఇంకేముంది, కూర్చుని కుట్టేశాడు. అంతలో ముఠా వచ్చింది. మూతి కుట్టిన టిక్కీ బయట ఉండకూడదు, ఉంటే లోపల పేర్చాలి. అది వాళ్ళ ధర్మం. మోసుకెళ్ళి పేర్చేశారు.

సినిమావాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి టిక్కీ లేదు. లోపల చూస్తే కప్పు దాకా అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే మార్కు. ఏ వరసలో పెట్టారో ముఠా వాళ్ళకే గుర్తు లేదు. అసలే రోజుకొక ఇబ్బందితో ఈడ్చుకొస్తున్న సినిమా. మూలిగే నక్క మీద తాటిపండు పడింది. సినిమావాళ్ళ మేనేజరు నాన్న మీద విరుచుకుపడ్డాడు. "ముసలోడా, నీకు కుట్టమని ఎవరు చెప్పారు? సినిమా అంతా నాశనం చేశావు గదా" అన్నాడట అందరి ముందూ. దర్శకుడు తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"నేను వెతుకుతానుండండి బాబూ" అని నాన్న లోపలికి వెళ్ళాడు. దీపం కూడా అడగలేదు. ఛాంబరు అనే ఆ పెద్ద గదిలో ఉన్నవన్నీ రైతులు కుట్టి పంపినవే, ఇంకా ఎవరూ మూతి కొయ్యనివి, కాబట్టి ఆయన కుట్టు ఒక్కటే ఉండాలి. చీకట్లో వరసలో ఒక్కొక్క టిక్కీ మూతి మీదా అరచెయ్యి ఆనించి రాసుకుంటూ పోయాడు. కింద వరసలైపోయాక ముఠా వాళ్ళు నిచ్చెన వేస్తే పైకెక్కి చూశాడు. పొద్దువాలే వేళకి ఒక టిక్కీ దగ్గర ఆగి, "ఇది నాది" అన్నాడు. కుట్టు ఎదురు వైపుకి వాలి ఉంది. విప్పితే గడియారం ఉంది.

"దొరికింది కదా నాన్నా. ఇంక దిగులెందుకు?" అన్నాను.

"దొరికింది గానీ, ఆ తర్వాత నా మీద వీడియో తీశారమ్మాయ్."

"వీడియో ఏంటి?"

"ఇందాక ఏం జేశావో అదే మళ్ళీ చెయ్యి పెదనాన్నా అన్నాడు ఆ కుర్రాడు. గడియారం లోపల పెట్టి కుట్టమన్నాడు. కెమెరా తెచ్చి నా మొహం దగ్గర పెట్టారు. తప్పు నేనే చేశానని రుజువు గావాలి గదా. ఓనరుకి చూపిచ్చుకుంటారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆయన పద్ధతి. కానీ ఆయన భయానికి ఒక కారణం ఉంది. ఆ ఏడాదే ముఠాలో ఒకతను టిక్కీ జారవిడిస్తే ఎవరో ఫోనులో వీడియో తీసి ఓనరుకి పంపించారు, మర్నాటి నుంచి అతను పనిలో లేడు. సినిమా కెమెరాకీ, ఆ ఫోనుకీ తేడా ఉంటుందని నేను ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

మర్నాడు పనికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. కళ్ళు ఆనడం లేదని స్టోరేజీకి కబురు పంపాడు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, బియ్యంలో మట్టిగడ్డలు ఏరి అమ్మకిస్తూనే ఉన్నాడు. దబ్బనాన్ని బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువా మీదకి ఎక్కించాడు. చర్చి ఆవరణలో పూలమొక్కలకి నీళ్ళు పోయడం, గేటు తీయడం, పాస్టరుగారు చెప్పిన పని చెయ్యడం, అదీ ఆయన రోజు. ముఠా వాళ్ళు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాడు.

బియ్యం బస్తా మూతి తెరిచే ఉండేది. ఎలకలు మాత్రం బాగుపడ్డాయి. తెల్లారి అమ్మ కేక లేదు. ఇంట్లో ఎవరూ పోట్లాడుకోకపోతే ప్రశాంతంగా ఉంటుందనుకునే దాన్ని. అదెంత అబద్ధమో అప్పుడు తెలిసింది. ఒకరోజు అమ్మ కావాలనే బస్తాని లాక్కొచ్చి, మూతి ఇంకా వెడల్పు చేసి, నాన్న నడిచే దారిలో పెట్టింది. ఆయన దాన్ని చుట్టుకుని వెళ్ళి మంచినీళ్ళు ముంచుకుని తాగాడు. అమ్మ మళ్ళీ బస్తాని మూలకి లాక్కుంది. నేను చూశానని ఆవిడకి తెలియదు.

ప్రతి శుక్రవారం ఒకటే ప్రశ్న. "ఆ కుర్రాడి సినిమా వచ్చిందా అమ్మాయ్?"

"రాలేదు నాన్నా."

"రాదులే. వాళ్ళ నోటికాడ కూడు పడగొట్టా."

"ఒక బస్తా కుడితే సినిమా ఆగిపోతుందా నాన్నా!"

"ఆ పూటంతా పోయింది గదా. ఆ పూట తీయాల్సింది తీయలేదు. అదే తక్కువైందేమో."

నిజంగానే తక్కువైందేమో నాకేం తెలుసు? ఆ కుర్రాడి ఫోను నంబరు కూడా మా దగ్గర లేదు.

రెండేళ్ళు అలా పోయాయి. ఒక బుధవారం బడి నుంచి వస్తున్నాను. నల్లపాడు స్టేషను దగ్గర గోడ మీద ఒక పోస్టరు, దాని సగం మీద ఒక పెద్ద హీరో పోస్టరు అతికించి ఉంది. మిగిలిన సగంలో మనుషులెవరూ లేరు. గోనెగుడ్డ, పురికొస, నాలుగు కుట్లు. అంతే. ఆ కుట్లు ఎదురు వైపుకి వాలి ఉన్నాయి.

నడుస్తున్న ఆటోలోంచి దూకినంత పని చేశాను. పుట్టిన దగ్గర్నుంచీ బియ్యం బస్తా మీద చూసిన కుట్టు నాకు తెలియదా? గోడ దగ్గర నిలబడి వేలితో తడిమి చూశాను. జనం చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు.

థియేటరుకి ఫోను చేశాను. రోజుకొక్కటే ఆట, పొద్దున పదకొండుకి. రేపే ఆఖరు, ఎల్లుండి పెద్ద సినిమా వస్తోంది. "కానీ పదిమంది లేకపోతే ఆట వెయ్యం మేడం. మూడు రోజుల నుంచీ వెయ్యలేదు" అన్నాడు మేనేజరు, చాలా మామూలుగా.

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. "నేను రాను. ఆ వీడియో అందులో పెట్టుంటే?"

"పెట్టుంటే చూద్దాం. రెండేళ్ళు భయపడింది చాలదా? నీ వల్ల చెడిందో లేదో తెలుసుకోవా?"

ఆ చివరి మాట పనిచేసింది. "తెలుసుకోవాలి" అన్నాడు.

ఆ సాయంత్రమే ముఠా దగ్గరికి వెళ్ళాను. సంగతి చెప్పగానే మేస్త్రి నోరు తెరిచాడు. "మనోడు సినిమాలో ఉన్నాడా! రెండేళ్ళ నుంచి మొహం చాటేస్తుంటే మా మీద అలిగాడనుకున్నామమ్మా. ఒరేయ్, రేపు లోడు మధ్యాహ్నం ఎత్తుదాం రా!" అని అందరికీ వినపడేలా అరిచాడు.

గురువారం పొద్దున ముఠా నుంచి ఏడుగురు వచ్చారు. నాన్నని చూసి ఒక్కరూ ఏమీ అడగలేదు. మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, "ఏరా, ఎదురు కుట్టూ, బాగున్నావా?" అన్నాడు. నాన్న తల ఊపాడు. ఆ పిలుపు విని ఆయన కళ్ళు తుడుచుకోవడం మొదటిసారి చూశాను.

ఏడుగురూ, నాన్నా, నేనూ. తొమ్మిది. "నాన్నకి బీపీ కదా, తోడుగా వస్తా, బయటే కూర్చుంటా" అని అమ్మ కూడా వచ్చి థియేటరు మెట్ల మీద కూర్చుంది. థియేటరు ముందు దర్శకుడు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. రోజూ వచ్చి, జనం రాక, తిరిగి వెళుతున్నాడట. నాన్నని చూసి "పెదనాన్నా!" అని పరిగెత్తుకొచ్చాడు. నాన్న రెండు చేతులూ జోడించాడు. "బాబూ, ఆ రోజు తప్పైపోయింది" అన్నాడు. ఆ కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

అంతలో మేనేజరు వచ్చి తలలు చూసుకున్నాడు. "తొమ్మిదేనండీ."

"నేనున్నాను కదండీ" అన్నాడు దర్శకుడు.

"మిమ్మల్ని కలుపుకుంటే రోజూ ఒకళ్ళున్నట్టే కదా సార్. మీరు ప్రేక్షకులు కాదు."

నాకు ఒళ్ళు మండి ఏదో అనబోయాను. ఈలోగా మెట్ల మీంచి అమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది.

"సినిమా చూడ్డానికి గాదు" అంది మేనేజరుతో, ఆయనేదో అడిగినట్టు. "నా మనిషిని చూడ్డానికి వస్తున్నా." అని చర్చి గుమ్మం దగ్గర విప్పినట్టు హాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి నడిచింది.

మొదట్లో ముఠా వాళ్ళు ఈలలు వేశారు. "అది మన నాలుగో ఛాంబరు రా!" అని ఒకరు, "ఆ నిచ్చెన నేనే వేశా" అని ఒకరు. కాసేపటికి ఈలలు ఆగిపోయాయి. ఆ స్టోరేజీలో నేను చిన్నప్పుడు నాన్నకి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి ఎన్నిసార్లు తిరిగానో. అలాంటి చోటే నన్ను భయపెట్టింది. ఉలిక్కిపడేలా సంగీతం లేదు. పైపుల మీంచి నీటిచుక్క పడిన చప్పుడు, ఆ పొదిలి అమ్మాయి ఊపిరి, దూరంగా తలుపు మూసిన చప్పుడు. ఎవరిని అడిగినా "ఊరెళ్ళాడు" అనే సమాధానం. అమ్మ నా చెయ్యి పట్టుకుని "యేసయ్యా, ఆ పిల్లని కాపాడు" అని పైకే ప్రార్థించింది.

సగం అయ్యాక ఆ అమ్మాయి ఒక ముసలాయన ముందు ఆగింది. "మా అన్నయ్యని చూశావా తాతా?" అని అడిగింది. తెర మీద మా నాన్న మొహం.

గోడంత మొహం. పెదాలు ఎండిపోయాయి. కళ్ళు పక్కకి, కెమెరా వైపు కాకుండా, ఎవరో తిడుతున్నారేమో అన్నట్టు. చెయ్యి వణుకుతోంది, కుడుతూనే ఉంది. ఒక్క మాట లేదు. హాలులో ఉన్న పదిమందికీ తెలిసిపోయింది, ఈయన అంతా చూశాడు, చెబితే తన ప్రాణం పోతుందని భయపడుతున్నాడు అని. అంత భయం నటించి తెప్పించగలిగిన వాళ్ళెవరూ లేరని నా గట్టి నమ్మకం. ఎందుకంటే అది నటన కాదు.

"ఏమయ్యా" అంది అమ్మ. హాలు మొత్తానికి వినపడింది. "అంత భయపడ్డావా? నాకు చెప్పలేదే!"

నాకు ఏడుపొచ్చింది. చీకట్లో కాబట్టి హాయిగా ఏడ్చాను.

చివర్లో ఆ అమ్మాయి చీకటి ఛాంబరులో టిక్కీల మూతుల మీద అరచెయ్యి రాసుకుంటూ పోతుంది. అచ్చం నాన్న పోయినట్టే. ఒక చోట చెయ్యి ఆగుతుంది. కుట్టు ఎదురు వైపుకి వాలి ఉంది. విప్పితే అన్నయ్య గడియారం. నోరు విప్పలేని ముసలాయన దాన్ని దొంగల కంటబడకుండా దాచి, వెతికేవాళ్ళ చేతికి మాత్రం తగిలేలా తన కుట్టుతో గుర్తు పెట్టాడు. ముఠా వాళ్ళు ఏడుగురూ లేచి నిలబడ్డారు. మేస్త్రి వేసిన ఈల బయట రోడ్డు మీదకి వినపడి ఉంటుంది.

బయటికి రాగానే నాన్న దర్శకుడి దగ్గరికి వెళ్ళాడు. "అయితే బాబూ, నా వల్ల సినిమా చెడలేదా?"

"చెడడం ఏంటి పెదనాన్నా! అసలు నేను రాసుకున్న ముగింపు వేరు. గడియారం టిక్కుటిక్కుమంటే విని కనిపెడుతుంది. ఆ ఫ్యాన్ల హోరులో ఏం వినపడుద్ది? నాకే నచ్చలేదు. మీరు చీకట్లో చేత్తో తడుముకుంటూ పోతుంటే చూసి ఆ పూటే మార్చి రాశా. మీరు కుట్టకపోతే ఈ సినిమా లేదు."

"మరి ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు?" నాకు కోపం ఆగలేదు. "మనిషి రెండేళ్ళు దబ్బనం ముట్టుకోలేదు తెలుసా? నీ సినిమా తనే పాడుచేశానని కుమిలిపోయాడు. నీకు ఆ మొహం పనికొచ్చింది, తీసుకుని వెళ్ళిపోయావు."

కుర్రాడు తల దించుకున్నాడు. "చెబితే ఆ మొహం పోద్దని అప్పుడు చెప్పలేదక్కా. అయిపోయాక చెబుదామనుకున్నా. మర్నాడు రాలేదు ఆయన. తర్వాత నా గొడవల్లో పడి... నాదే తప్పు." వాళ్ళ నాన్నతో పాటు పాలిష్ మిల్లులో చేరిపోదామని అనుకుంటున్నానని కూడా అప్పుడే చెప్పాడు.

"ఊరుకో అమ్మాయ్" అన్నాడు నాన్న. "మూతి తెరిచి పెట్టి అన్నానికి పోయింది వాళ్ళు. అడగకుండా కుట్టింది నేను. చెల్లుకి చెల్లు." తర్వాత దర్శకుడి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఒకటి చెప్తా ఏమనుకోబాకు బాబూ. మూడో కుట్టు తప్పింది. చెయ్యి వణికింది. అంత పెద్ద తెర మీద అది కనపడుతా ఉంది. ఇంకోసారి తీస్తే సరిగ్గా కుడతా" అన్నాడు.

దర్శకుడు నవ్వబోయి ఏడ్చాడు. "ఆ వణుకే పెదనాన్నా, సినిమా."

నాన్నకి ఆ మాట నచ్చలేదు. తప్పిన కుట్టుని పట్టుకుని సినిమా అంటారేమిటి అని ఆటోలో ఇంటిదాకా గొణుగుతూనే ఉన్నాడు. రెండేళ్ళలో ఆయన అన్ని మాటలు వరసగా మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ కుర్రాడు మిల్లులో చేరలేదు. ఇప్పుడు గ్రానైటు క్వారీలో నడిచే ఇంకో సస్పెన్స్ కథ రాసుకుంటున్నాడు. ఫోను చేసినప్పుడల్లా నాన్నని అడుగుతాడు, ఏదైనా వేషం వేస్తారా అని. రాళ్ళకి కుట్లుండవు కదా బాబూ అంటాడు ఈయన.

సినిమా చూసిన మర్నాడు శుక్రవారం. నేనింకా పక్క మీదే ఉన్నాను. వంటింట్లోంచి కేక.

"మళ్ళీ కుట్టేశావేందయ్యా! బియ్యం ఎట్టా తియ్యాలి?"

లేచి పరిగెత్తాను. బీరువా మీద బిస్కెట్ల డబ్బా లేదు. బస్తా మూతి ఈ చివర నుంచి ఆ చివర దాకా కుట్టి ఉంది. అన్ని కుట్లూ ఎదురు వైపుకి, ఒక్కటీ తప్పలేదు. మూడోది కూడా. అమ్మ కత్తిపీట చేత్తో పట్టుకుని నిలబడి ఉంది గానీ కొయ్యడం లేదు. ఆ పూట బయటి నుంచి ఇడ్లీ తెప్పించుకుని తిన్నాం.